ఏప్రిల్ 1 నుంచి సైకిల్‌కీ చలానా: టోక్యోలో ఫుట్‌పాత్ ఎక్కొచ్చా, ఎక్కకూడదా?

నిషికసాయి నివాసి
మార్చి 14, 2026, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మా వాట్సాప్ గ్రూపులో ఈమధ్య పొద్దున్న లేస్తే ఇదే గోల. ఏప్రిల్ 1 నుంచి సైకిల్ తొక్కేవాళ్ళకి కూడా కార్లకి రాసినట్టే చలానా రాస్తారట. ఫుట్‌పాత్ ఎక్కితే 6,000 యెన్లట. వీధి వీధికీ కెమెరాలు పెట్టారట. ఒకాయనైతే 'వీసా రెన్యువల్ కూడా ఆగిపోతుంది' అని వాయిస్ మెసేజ్ పెట్టాడు, అది ఇప్పుడు అన్ని గ్రూపుల్లోనూ తిరుగుతోంది.

మా ఇంటి సంగతి ఇదీ. మా ఆవిడ బ్యాటరీ సైకిల్ మీద చిన్నదాన్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని హొయికుయెన్ (డేకేర్)లో దింపుతుంది. పెద్దాడు మూడో క్లాసు, తన సైకిల్ మీద ముందు వెళ్తాడు. ఆ దారిలో రోడ్డుకి ఎడమ పక్కన ఎప్పుడూ డెలివరీ వ్యాన్లు ఆగి ఉంటాయి. అందుకని ఫుట్‌పాత్ మీదే పోతారు. ఇన్నేళ్ళూ ఎవరూ ఏమీ అనలేదు, జపాన్ వాళ్ళూ అలాగే పోతారు కదా. ఇప్పుడేం చెయ్యాలి? తెలిసినవాళ్ళు కాస్త విడమరిచి చెప్పండి. పుకార్లు మాత్రం వద్దు, అవి గ్రూపులో సరిపడా ఉన్నాయి.

సికిందరాబాదీ
మార్చి 14, రాత్రి 9:58

అన్నా, మన దగ్గర బండి చలాన్లు కుప్పలు పడ్డా డిస్కౌంట్ ప్రకటించేదాకా ఆగి కట్టేటోళ్ళం. ఇక్కడ అట్లాంటి ఆఫర్ ఏమన్నా వస్తుందా?

తోజై లైన్
మార్చి 14, రాత్రి 10:31

డిస్కౌంట్ రాదు బ్రదర్. 7 రోజుల్లోపు బ్యాంకులోనో పోస్టాఫీసులోనో కట్టెయ్యాలి.

నివాసి గారూ, ఒక్కొక్కటే చూద్దాం. చలానా మాట నిజమే. ఇక్కడ దాన్ని 'అఓకిప్పు' అంటారు, అంటే నీలం చీటీ. కార్లకీ మోటార్ సైకిళ్ళకీ ఎప్పటి నుంచో ఉన్నదే, ఏప్రిల్ 1 నుంచి 16 ఏళ్ళు నిండిన సైకిల్ వాళ్ళకీ వస్తోంది. కెమెరాల మాట ఉత్తదే. సైకిల్‌కి నంబర్ ప్లేటే లేనప్పుడు ఫొటో తీసి ఎవరింటికి పంపుతారు? పోలీసు ఆపి చీటీ చేతిలో పెడతాడు, అంతే.

చాలామందికి తెలియనిది ఏమిటంటే, ఇక్కడి చట్టం దృష్టిలో సైకిల్ కూడా ఒక బండే. బండి అన్నాక రోడ్డు మీదే, అదీ ఎడమ అంచు పట్టుకుని పోవాలి. ఫుట్‌పాత్ అన్నది మినహాయింపు. ఆ మినహాయింపు ఎవరెవరికంటే: 13 ఏళ్ళ లోపు పిల్లలకి, 70 దాటిన పెద్దలకి, శారీరక ఇబ్బంది ఉన్నవాళ్ళకి. మిగతావాళ్ళకి నీలం గుండ్రటి బోర్డు ఉన్న ఫుట్‌పాత్ మాత్రమే. ఆ బోర్డులో పిల్ల చెయ్యి పట్టుకున్న పెద్దమనిషి బొమ్మతో పాటు సైకిల్ బొమ్మ కూడా ఉంటుంది. సైకిల్ బొమ్మ లేకుండా మనుషులే ఉంటే అది నడిచేవాళ్ళదే.

ఇంకో మినహాయింపు కూడా ఉంది, మీకు పనికొచ్చేది అదే. రోడ్డు పరిస్థితిని బట్టి ఫుట్‌పాత్ ఎక్కక తప్పనప్పుడు ఎవరైనా ఎక్కొచ్చు. దీనికి పోలీసులు ఇచ్చిన ఉదాహరణల్లో రోడ్డు పనులు, ఇరుకు రోడ్డు మీద విపరీతమైన ట్రాఫిక్‌తో పాటు, బళ్ళు వరసగా ఆగిపోయి ఉండి కుడివైపుకి తప్పుకుని పోవడం కష్టమైన చోటు కూడా ఉంది. మీరు చెప్పిన వ్యాన్ల వరస అదే.

మీ అబ్బాయికి ఏ ఫుట్‌పాత్ మీదైనా పరవాలేదు. చలానా వయసూ కాదు. మీ ఆవిడ విషయంలో మాత్రం, వెనక పిల్ల కూర్చున్నంత మాత్రాన ప్రత్యేక హక్కు ఏమీ రాదు. బోర్డు అయినా ఉండాలి, తప్పని పరిస్థితి అయినా ఉండాలి.

బుజ్జితల్లి
మార్చి 14, రాత్రి 11:15

తోజై లైన్ గారు చెప్పింది రూలు. నేను రోడ్డు చెప్తాను.

నాది ముందొక సీటు, వెనకొక సీటు ఉన్న మమాచారి, అదే ఇక్కడి అమ్మలు తొక్కే సైకిల్. సైకిలే 30 కిలోలు దాటుతుంది. పిల్లలిద్దరూ, వాళ్ళ బ్యాగులూ, సోమవారం అయితే హొయికుయెన్ దుప్పట్లు కూడా. ఈ బరువుతో బయల్దేరిన మొదటి నాలుగు గజాలు హ్యాండిల్ అటూ ఇటూ ఊగుతుంది, తొక్కినవాళ్ళకే తెలుస్తుంది. ఆగి ఉన్న లారీని తప్పించాలంటే తల వెనక్కి తిప్పి చూడాలి. తల తిప్పగానే హ్యాండిల్ కూడా అటే తిరుగుతుంది, వెనకేమో బస్సు. ఆ టైంలో ముందు సీట్లో ఉన్నవాడు హెల్మెట్ విప్పి కింద పడేస్తాడు. రోడ్డు మీద పొమ్మని రాసినవాళ్ళు ఒక్కసారి వర్షాకాలంలో పొద్దున్న ఎనిమిదింటికి ఈ సైకిల్ తొక్కి చూడాలి.

అసలు గట్టు దిగి రోడ్డు మీదకి, మళ్ళీ రోడ్డు మీంచి గట్టు ఎక్కడం ఉంది చూశారూ, ఆ రెండంగుళాల ఎత్తు దగ్గరే పడిపోతారు చాలామంది. ఏటవాలుగా ఎక్కిస్తే చక్రం జారుతుంది. సూటిగా ఎదురుగా పెట్టి ఎక్కించాలి, లేదా దిగిపోవాలి.

గేరు సైకిల్
మార్చి 15, ఉదయం 7:05

బుజ్జితల్లి గారూ, మీ బాధ అర్థమైంది, కానీ ఇంకో వైపు కూడా చెప్పనివ్వండి. నేను సైతామా నుంచి ఆఫీసుకి సైకిల్ మీదే వస్తాను, అంతా రోడ్డు మీదే. ఫుట్‌పాత్ మీద భద్రంగా అనిపిస్తుంది, అంతే. ప్రమాదం సందు మొగల దగ్గర కాచుకుని ఉంటుంది. ఎడమకి తిరిగే కారు వాడు రోడ్డు చూస్తాడు, గోడ పక్క ఫుట్‌పాత్ మీంచి దూసుకొచ్చే సైకిల్ వాడికి కనబడదు. పార్కింగ్ లోంచి బయటికొచ్చే కార్లూ అంతే. రోడ్డు మీద ఉన్నవాణ్ణి కనీసం చూస్తారు.

ఇంకో మాట. ఏప్రిల్ 1 నుంచి రూలు మనకొక్కళ్ళకే మారడం లేదు. సైకిల్‌ని దాటేటప్పుడు కారు వాడు తగినంత ఎడం ఇవ్వాలి, మీటరు దాకా ఉండాలంటున్నారు. అంత చోటు లేకపోతే స్పీడు తగ్గించాలి. సెప్టెంబర్ 1 నుంచి మధ్య గీత లేని చిన్న రోడ్ల మీద కార్లకి గంటకి 30 కిలోమీటర్లే. ఇవి గ్రూపుల్లో ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు, చలానా మాత్రమే చేస్తారు.

సికిందరాబాదీ
మార్చి 15, ఉదయం 7:20

మీటరు ఎడం! మా ఊళ్ళె మీటర్ల నలుగురు పోతరు.

పాతకాపు
మార్చి 15, ఉదయం 10:48

నేను ఈ ఊరొచ్చి చాలాకాలమైంది. అప్పట్లో నిషికసాయిలో తెలుగు మాట వినబడితే వెనక్కి తిరిగి చూసేవాళ్ళం. ఈ ఫుట్‌పాత్ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తే మీకు కాస్త కోపం తగ్గుతుంది.

1970లో జపాన్‌లో రోడ్డు ప్రమాదాల్లో 16,765 మంది పోయారు. ఈ దేశ చరిత్రలో అదే అత్యధికం. కార్లు ఒక్కసారిగా పెరిగిపోయాయి, రోడ్లు పెరగలేదు. సైకిల్ వాళ్ళని కార్ల కింద పడకుండా కాపాడాలని ఆ ఏడాది చట్టం మార్చి కొన్ని ఫుట్‌పాత్‌ల మీదకి ఎక్కనిచ్చారు. తాత్కాలికం అనుకున్నది కాస్తా స్థిరపడిపోయింది. రెండు తరాలు ఫుట్‌పాత్ మీదే సైకిల్ నేర్చుకుని, ఫుట్‌పాత్ మీదే పిల్లల్ని బడికి దింపి, అదే పద్ధతి అనుకున్నాయి. సైకిల్ లేన్లు వెయ్యాల్సిన తొందర ప్రభుత్వానికీ లేకపోయింది.

ఇప్పుడు ఫుట్‌పాత్ మీద ముసలివాళ్ళు ఎక్కువయ్యారు, సైకిళ్ళకి బ్యాటరీలు వచ్చాయి, చేతుల్లోకి ఫోన్లు వచ్చాయి. అందుకని దిగమంటున్నారు. యాభై ఏళ్ళ కింద వాళ్ళే ఎక్కించి ఇప్పుడు వాళ్ళే దింపుతుంటే ముందు దిగడానికి చోటు చూపించాలి కదా అన్నది నా వాదన. రోడ్డు మీద నీలం బాణాలు గీశారు, బాగానే ఉంది. కానీ అది ప్రత్యేకమైన లేను కాదు, 'సైకిల్ ఇటు పోతుంది' అని కార్లకి చేసే సూచన మాత్రమే. ఆ బాణాల మీదే వ్యాను ఆపి, హజార్డ్ లైట్లు వేసి, పార్సెల్ తీసుకుని లిఫ్ట్ ఎక్కుతాడు. ముందు అతన్ని పట్టుకోమనండి.

తోజై లైన్
మార్చి 15, ఉదయం 11:30

పాతకాపు గారి వాదనతో నాకు పేచీ లేదు. ఒక్క చేర్పు. పట్టీ అంతా నీలం రంగు వేసి, సైకిళ్ళకే అని బోర్డు పెట్టిన లేను ఉంటే అందులోనే పోవాలి. బాణాలు మాత్రమే ఉన్నచోట అవి దారి చూపడానికే.

ఫుట్‌పాత్ లేని సందుల్లో రోడ్డు పక్కన తెల్ల గీత ఉంటుంది చూడండి. ఆ గీత లోపలి పట్టీలో సైకిల్ పోవచ్చు, కానీ రోడ్డుకి ఎడమ పక్కది మాత్రమే. 2013 డిసెంబర్ దాకా రెండు పక్కలా వదిలేవారు, తర్వాత ఆపేశారు. జంట గీతలు ఉంటే అది పూర్తిగా నడిచేవాళ్ళది. మనవాళ్ళు ఎక్కువగా దొరికేది ఇక్కడే అనుకుంటాను. దుకాణం కుడివైపు ఉందని కుడి పక్కనే ఎదురు పోతారు. రాంగ్ సైడ్‌కీ 6,000 యెన్లే.

నిషికసాయి నివాసి
మార్చి 15, మధ్యాహ్నం 1:12

చాలా థాంక్సండీ. ఇంతకీ ఫుట్‌పాత్ ఎక్కగానే 6,000 రాసేస్తారా? అదొక్కటే తేలలేదు. మా ఆవిడ అయితే టెన్షన్‌తో నిన్నటి నుంచి నడిచే వెళ్తోంది.

తోజై లైన్
మార్చి 15, మధ్యాహ్నం 2:03

లేదండీ. ఊరికే ఫుట్‌పాత్ మీద పోతున్నందుకైతే ముందు ఆపి చెప్తామనే పోలీసులు అంటున్నారు. నడిచేవాళ్ళు బెదిరి ఆగిపోయేంత స్పీడుగా పోయినా, ఆపి చెప్పాక కూడా వినకపోయినా రాస్తారు. ఫోన్ చూస్తూ తొక్కడం, పడిన రైల్వే గేటు కింద నుంచి దూరడం, బ్రేకుల్లేని సైకిల్, వీటికి చెప్పడాలు ఉండవు, నేరుగా చీటీయే.

ఫోన్ అన్నిటికన్నా ఖరీదైనది, 12,000 యెన్లు. రైల్వే గేటు 7,000. రెడ్ సిగ్నల్ 6,000. ఎర్ర త్రికోణం 'తొమారే' బోర్డు దగ్గర ఆగకపోతే 5,000, రాత్రి లైటు లేకపోతే 5,000, గొడుగు పట్టుకుని తొక్కితే 5,000. ఇద్దరు పక్కపక్కనే కబుర్లు చెప్పుకుంటూ పోతే 3,000, డబుల్స్ 3,000. వందకి పైగా రకాలు ఉన్నాయి, మనకి రోజూ తగిలేవి ఇవే.

బోర్డు ఉన్న ఫుట్‌పాత్ మీద కూడా మనది రెండో స్థానమే. రోడ్డు వైపు అంచున పోవాలి, ఏ క్షణమైనా ఆగగలిగేంత నెమ్మదిగా పోవాలి, మనిషి అడ్డొస్తే మనమే ఆగాలి. బెల్లు కొట్టి తప్పుకోమనకూడదు. దానికీ 3,000 ఉంది.

సికిందరాబాదీ
మార్చి 15, మధ్యాహ్నం 2:10

ఏంది, బెల్లు కొట్టినా ఫైనేనా? మరి సైకిల్‌కి బెల్లు ఎందుకు పెట్టిన్రు?

తోజై లైన్
మార్చి 15, మధ్యాహ్నం 2:16

ఉండాలి, కొట్టకూడదు. నిజంగా ప్రమాదం తప్పించడానికైతే కొట్టొచ్చు, లేదా కొట్టమని బోర్డు ఉన్న మలుపుల్లో. మిగతాచోట్ల 'సుమిమసెన్' (ఏమనుకోకండి) అనాలి, లేకపోతే వెనకాలే నడుస్తున్నట్టు పోవాలి.

కృష్ణాతీరం
మార్చి 15, సాయంత్రం 6:40

మా నాన్నగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు, ఈ చర్చ చదివి వినిపించాను. ఆయనకి 72. '70 దాటితే ఏ ఫుట్‌పాత్ అయినా నాదే' అన్నమాట వినగానే నా సైకిల్ తాళం అడిగారు. ఇవాళ సాయంత్రం పార్కు దాకా ఫుట్‌పాత్ మీద రాజాలా వెళ్ళొచ్చారు, నేను కింద రోడ్డు మీద.

రాత్రి లైటుకి 5,000 అంటే ఆయనకేమీ ఆశ్చర్యం కలగలేదు. వాళ్ళ చిన్నప్పుడు సైకిల్‌కి మునిసిపాలిటీ బిళ్ళ ఉండాలట, ఏటా డబ్బు కట్టి కొత్తది బిగించుకోవాలి. చీకటిపడ్డాక లైటు లేకుండా వస్తే, డబుల్స్ తొక్కితే పోలీసు ఆపి రెండు చక్రాల్లో గాలి తీసేసేవాడట. చేతిలో టార్చిలైటు పట్టుకుని, పోలీసు కనబడగానే వెలిగించేవారట. 'మాకు అన్నీ ఉండేవి, మీ కాలంలోనే పోయాయి' అన్నారు.

గచ్చిబౌలి
మార్చి 15, సాయంత్రం 7:25

హైదరాబాద్ నుంచి చదువుతున్నాను, మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. పెద్దాయన అన్నది నిజం. ఇక్కడ మోటారు వాహనాల చట్టం పేరులోనే మోటారు ఉంది, సైకిల్ దాని కిందకి రాదు. లైసెన్సు లేదు, హెల్మెట్ లేదు, చలానా లేదు. 250 వాట్ల లోపు మోటారు, గంటకి 25 కిలోమీటర్ల లోపు స్పీడు ఉన్న బ్యాటరీ బండ్లని కూడా మోటారు వాహనాలుగా లెక్కెయ్యరు. నిర్లక్ష్యంగా తొక్కి ఎవరినైనా గుద్దితే మామూలు క్రిమినల్ చట్టం ఉంది, అది వేరే సంగతి. 2019 సవరణలో సైకిళ్ళకీ నడిచేవాళ్ళకీ రూల్స్ పెట్టే అధికారం రాష్ట్రాలకి ఇచ్చారు.

ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ ఉంది, 2023 అక్టోబర్‌లో తెరిచారు. చూడముచ్చటగా ఉంటుంది. మనవాళ్ళు కార్లలో సైకిళ్ళు వేసుకుని అక్కడికి వెళ్ళి తొక్కి, మళ్ళీ కార్లో వేసుకుని వస్తారు. మీకు ఫుట్‌పాత్ ఎక్కొచ్చా లేదా అన్న అనుమానం. మాకు ఫుట్‌పాత్ ఎక్కడుందన్నదే అనుమానం, ఉన్నచోట దాని మీద బుల్లెట్ బండి పోతుంటుంది.

నిర్వాహకుడు
మార్చి 15, రాత్రి 8:00

హైదరాబాద్ ఫుట్‌పాత్‌ల మీద వేరే చర్చ ఉంది, అది ఎప్పటికీ ముగియదు. ఇక్కడ టోక్యోకే పరిమితం అవుదాం.

పెన్నా తీరం
మార్చి 15, రాత్రి 9:37

వీసా భయం గురించి. నీలం చీటీ అంటే డబ్బు కట్టి వదిలించుకునేది. గడువులోపు కడితే కోర్టు, కేసు, నేర చరిత్ర ఏమీ ఉండవు. కట్టకుండా డ్రాయర్‌లో పడేస్తే మాత్రం అది క్రిమినల్ దారి పడుతుంది. జపనీస్‌లో ఉంది కదా, ఏదో ప్రకటన కాగితం అనుకుని వదిలెయ్యొద్దు. కట్టిన రసీదు దాచుకోండి. పర్మనెంట్ రెసిడెన్సీకి అప్లై చేసే ఆలోచన ఉన్నవాళ్ళు చీటీలు పోగేసుకోకుండా ఉండటమే మేలు, దానికి లాయర్ని అడగక్కర్లేదు.

భయపడాల్సింది ఎర్ర చీటీకి, అంటే నేరుగా క్రిమినల్ కేసు అయ్యేదానికి. తాగి సైకిల్ తొక్కడం నీలం చీటీతో పోదు. 2024 నవంబర్ 1 నుంచి, ఊగిపోకపోయినా శ్వాస పరీక్షలో పరిమితికి మించి తేలితే చాలు, మూడేళ్ళ దాకా జైలు లేదా 5 లక్షల యెన్ల దాకా జరిమానా. మందు పోసినవాళ్ళూ, సైకిల్ ఇచ్చినవాళ్ళూ కూడా ఇరుక్కుంటారు. కారు లైసెన్సు కూడా సస్పెండ్ కావచ్చు. ఆఫీసు పార్టీ అయ్యాక స్టేషన్ దగ్గర పెట్టిన సైకిల్ తీసుకుని 'పది నిమిషాలే కదా' అని ఇంటికెళ్ళే వీరులు మనలో ఉన్నారు. నెట్టుకుంటూ వెళ్ళండి. నెట్టుకుంటూ పోయేవాడు చట్టం ప్రకారం పాదచారి.

ఇంకా పెద్దది బీమా. 2008లో కోబేలో 11 ఏళ్ళ కుర్రాడు రాత్రిపూట సైకిల్ మీద వాలు దిగుతూ, నడిచి వెళ్తున్న 62 ఏళ్ళ ఆవిణ్ణి గుద్దాడు. ఆవిడకి మళ్ళీ స్పృహ రాలేదు. 2013లో కోబే జిల్లా కోర్టు ఆ పిల్లవాడి తల్లిని దాదాపు 9 కోట్ల 52 లక్షల యెన్లు కట్టమంది. తప్పు చదవలేదు, తొమ్మిది కోట్లే. టోక్యోలో 2020 ఏప్రిల్ నుంచి సైకిల్ బీమా తప్పనిసరి. మీ ఇంటి అగ్నిప్రమాద బీమాలోనో, కారు బీమాలోనో, క్రెడిట్ కార్డుతోనో వ్యక్తిగత బాధ్యత కవరేజి ఇప్పటికే ఉండొచ్చు, ముందు అది చూసుకోండి. లేకపోతే సైకిల్ షాపులో చెక్ చేయించి టీఎస్ మార్కు స్టిక్కర్ వేయించుకుంటే ఏడాది బీమా దానితోపాటే వస్తుంది.

6,000 యెన్ల గురించి ఇంత రాశాం, ఈ తొమ్మిది కోట్ల గురించి ఒక్కరూ ఫార్వర్డ్ చెయ్యలేదు.

బుజ్జితల్లి
మార్చి 15, రాత్రి 10:20

పెన్నా తీరం గారూ, భయపెట్టారు గానీ మంచి పని చేశారు. ఇప్పుడే మా ఆయన్ని కూర్చోబెట్టి పాలసీ కాగితాలు తీయించాను. ఉంది.

పిల్లల తల్లులకి రెండు మాటలు. చంటిదాన్ని గుడ్డతో వీపుకి కట్టుకుని తొక్కొచ్చు, ఛాతీ మీద క్యారియర్‌లో వేసుకుని మాత్రం టోక్యోలో తొక్కకూడదు. ముందుకి వంగినప్పుడు నలిగేది పిల్లే. సీట్లో కూర్చోబెట్టేది బళ్ళో చేరేదాకానే. ఒకటో క్లాసులో పడ్డాక అది డబుల్స్ కింద లెక్క. ఇద్దరిని కూర్చోబెట్టాలంటే అందుకోసం తయారైన సైకిలే ఉండాలి, మామూలు సైకిల్‌కి రెండు సీట్లు తగిలిస్తే కుదరదు.

మూడోది కూడా చెప్పేస్తాను, చున్నీ. వెనక చక్రానికి జాలీ ఉన్నా సరే, చున్నీ కొస సీటు కింద నుంచి జారి చైన్‌లో పడుతుంది. ముడేసుకోండి లేదా బ్యాగులో పెట్టేసుకోండి. చీర కట్టుకున్న రోజున బస్సే.

గేరు సైకిల్
మార్చి 16, ఉదయం 6:52

కుడికి తిరగడం గురించి ఎవరూ రాయలేదు. ఇండియాలోలాగే ఎడమ ట్రాఫిక్ కాబట్టి మనకి అలవాటే అనుకుంటాం, సిగ్నల్ దగ్గర మధ్యకొచ్చి కుడికి కోసేస్తాం. ఇక్కడ సైకిల్ అలా తిరక్కూడదు. పచ్చ దీపం పడగానే ఎడమ అంచునే నేరుగా అవతలి మూల దాకా పోవాలి, అక్కడ ఆగి సైకిల్‌ని కుడికి తిప్పుకుని, ఆ వైపు పచ్చ దీపం పడ్డాక కదలాలి.

ఏ దీపం చూడాలో కూడా తికమకే. రోడ్డు మీద ఉంటే కార్ల దీపం. మనుషుల దీపం పక్కన సైకిళ్ళకి కూడా అని బోర్డు ఉంటే అది చూసుకోవాలి. జీబ్రా గీతల మీద మనుషులు ఉంటే దిగి నెట్టుకుంటూ దాటాలి.

బుజ్జితల్లి గారూ, ఆగిన లారీని తప్పించే విషయంలో ఒక సలహా. లారీ దాకా వచ్చి తల తిప్పకండి. ఇరవై ముప్పై మీటర్ల ముందే వెనక చూసుకుని నెమ్మదిగా జరగడం మొదలుపెడితే వెనక బస్సు వాడికి మీ ఉద్దేశం తెలుస్తుంది. కుదరకపోతే లారీ వెనక ఆగిపోండి. ఆగడంలో నామోషీ ఏమీ లేదు.

బుజ్జితల్లి
మార్చి 16, ఉదయం 8:41

మీ సలహా బాగుంది. మీ సైకిల్ బరువెంతండీ?

గేరు సైకిల్
మార్చి 16, ఉదయం 8:50

9 కిలోలు. సరే, వాదన మీదే.

పాతకాపు
మార్చి 16, ఉదయం 11:05

మధ్యే మార్గం ఒకటుంది. పెద్ద రోడ్ల పక్కన వెడల్పు ఫుట్‌పాత్‌లకి చాలాచోట్ల సైకిల్ బోర్డు ఉంటుంది. దగ్గర దారి అని బోర్డు లేని ఇరుకు ఫుట్‌పాత్ పట్టుకునే బదులు, కాస్త చుట్టైనా బోర్డు ఉన్న దారి ఎంచుకోవడం. ఆదివారం నాడు పిల్లలు లేకుండా ఒకసారి తిరిగి చూసుకుంటే దారి తేలిపోతుంది. ప్రతి పోలీస్ స్టేషన్ సైకిళ్ళని ఏ రోడ్ల మీద, ఏ వేళల్లో ఎక్కువగా తనిఖీ చేస్తుందో తన వెబ్‌సైట్‌లోనే పెడుతుంది. దొంగచాటుగా పట్టుకునే ఉద్దేశం వాళ్ళకీ లేదు.

అరకావా నది గట్టు మీద పోయేవాళ్ళు అక్కడ రోడ్డు లేదు కదా అని రెచ్చిపోకండి, 20 కిలోమీటర్ల బోర్డులు ఉన్నాయి. కసాయి స్టేషన్ వైపు వెళ్తే సైకిల్ బయట వదలొద్దు, ఎత్తుకుపోయి డబ్బు కట్టాకే ఇస్తారు. అక్కడ నేల కింద యంత్రాలతో నడిచే పార్కింగే ఉంది, మొత్తం 9,400 సైకిళ్ళు పడతాయి. సైకిల్‌ని తలుపు ముందు పెడితే లోపలికి లాక్కుంటుంది, కార్డు చూపిస్తే మళ్ళీ తెచ్చి ఇస్తుంది. ఇండియా నుంచి చుట్టాలొస్తే నేను స్కైట్రీ కన్నా ముందు అదే చూపిస్తాను.

నిషికసాయి నివాసి
మార్చి 16, రాత్రి 9:15

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. పాతకాపు గారు చెప్పినట్టు బోర్డు ఉన్న దారి ఒకటి దొరికింది, నాలుగైదు నిమిషాలు ఎక్కువ. ఆ వ్యాన్ల సందు దగ్గర మాత్రం దిగి నెట్టుకుంటూ వస్తానంటోంది మా ఆవిడ. పెద్దాడికి 'తొమారే' దగ్గర కాలు కింద పెట్టడం నేర్పుతున్నాం, వాడు ఇప్పుడు నన్నే తప్పు పడుతున్నాడు.

ఆఖరి ప్రశ్న. మా ఫ్రెండు ఈ నెలాఖరుకి ఇండియా వెళ్ళిపోతున్నాడు, తన సైకిల్ నాకు ఇస్తానన్నాడు. ఊరికే తీసుకుని తొక్కెయ్యొచ్చా?

కాకినాడ కాజా
మార్చి 16, రాత్రి 10:02

ఆగండాగండి, ఊరికే మాత్రం తొక్కకండి. నాకు అయిన అనుభవం చెప్తాను. ఇలాగే వెళ్ళిపోయే ఫ్రెండు ఇచ్చిన సైకిల్ మీద ఒక రాత్రి వస్తుంటే కోబాన్ (పోలీసు చౌకీ) ముందు ఆపారు. సీటు కింద ఫ్రేము మీద అంటించిన చిన్న పసుపు స్టిక్కర్ నంబరు వైర్‌లెస్‌లో చదివారు. అవతల నుంచి వేరే పేరు వచ్చింది. 'ఈ పేరు మీదేనా?' కాదు. 'ఆయన ఎక్కడున్నారు?' రాజమండ్రిలో. చాలా మర్యాదగానే మాట్లాడారు, కానీ ఫ్రెండుకి వీడియో కాల్ చేసి, నిద్రలేపి, ఆయన పాత రెసిడెన్స్ కార్డు ఫొటో చూపించేదాకా అక్కడే చలిలో నిలబడ్డాను. సైకిల్ దొంగని కాదని తేల్చుకోవడం అంత తేలికైన పని కాదు.

చెయ్యాల్సింది ఇది. మీ ఫ్రెండు విమానం ఎక్కకముందే పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి తన పేరు మీద ఉన్న రిజిస్ట్రేషన్ కొట్టేయించాలి. సైకిల్ మీకు ఇచ్చేసినట్టు ఒక కాగితం రాసి సంతకం పెట్టాలి, అందులో సైకిల్ మీద చెక్కిన నంబరు ఉండాలి. ఆ కాగితం, సైకిల్, మీ రెసిడెన్స్ కార్డు తీసుకుని 'బోహాన్ తోరొకు' (దొంగతనాలు ఆపడానికి చేసే సైకిల్ రిజిస్ట్రేషన్) బోర్డు ఉన్న ఏ సైకిల్ షాపుకి వెళ్ళినా మీ పేరు మీద కొత్త స్టిక్కర్ వేస్తారు. టోక్యోలో 660 యెన్లు. కార్డు ముక్క ఒకటి ఇస్తారు, దాన్ని ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి.

అలాగే వెనక రిఫ్లెక్టర్, ముందు లైటు, రెండు బ్రేకులు పనిచేస్తున్నాయో లేదో షాపులోనే చూపించెయ్యండి. వెళ్ళిపోయేవాళ్ళ సైకిళ్ళకి సాధారణంగా వెనక బ్రేకు ఉండదు.